తెలుగు కథకులు ఏం చదివారు, ఏం నేర్చుకున్నారు

కందుకూరి వీరేశలింగం 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో ‘రాజశేఖర చరిత్రము’ను విడతలుగా అచ్చువేయడం మొదలుపెట్టే నాటికి, నవల ఎలా రాయాలో తెలుగులో చెప్పగల గురువెవరూ లేరు. నరహరి గోపాలకృష్ణమ సెట్టి ‘శ్రీ రంగరాజ చరిత్ర’ అప్పటికే 1872లో వచ్చింది కానీ, దాన్ని ఆదర్శంగా పెట్టుకుని రాసేంత ప్రచారం దానికి లేదు. వీరేశలింగం ముందున్నవి రెండు పుస్తకాలు. ఒకటి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’. సూరి మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆపితే, మిగిలిన సంధి, విగ్రహాలను వీరేశలింగమే పూర్తిచేశాడు. సూరి వాక్యాన్ని చదివి, దాని నడకలో తానే వాక్యాలు కట్టడంతో ఆయన చేయి తిరిగింది. రెండోది ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన ‘ద వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. దీన్ని మొదట తెనిగిద్దామనుకుని, ఆ పని విడిచి, దాన్ని మనసులో ఉంచుకుని సొంత కథ రాశాడు. తెలుగులో కథకుడి విద్యాభ్యాసం అలా మొదలైంది: పాఠం చెప్పేవాళ్లు లేనిచోట పుస్తకమే పాఠం చెప్పింది. ఆ తర్వాత నూరేళ్లలో తెలుగు కథకులు చదివినవాటి నుంచి ఏం తీసుకున్నారో వరసగా చూస్తే నాకొక క్రమం కనబడుతుంది. మొదట కథను తీసుకున్నారు, తర్వాత కథ ఆకారాన్ని, ఆ తర్వాత కథ చెప్పే చూపును, చివరికి వాక్యాన్ని. తీసుకునేది ఎంత సూక్ష్మమవుతూ వచ్చిందో, రాసింది అంతగా సొంతమవుతూ వచ్చింది. మంచి కథలు చదివితే మంచిగా రాయవచ్చన్న మాటలో నిజమెంతో తేల్చడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం మనకు దొరకదు.

‘రాజశేఖర చరిత్రము’ కథ స్థూలంగా గోల్డ్‌స్మిత్ కథే. కలిగిన కుటుంబం, చేతిలోని డబ్బు పోవడం, ఒకదాని మీద ఒకటి వచ్చిపడే కష్టాలు, మారువేషంలో తిరిగే ప్రభువు చివర్లో ఆదుకోవడం రెండింటిలోనూ ఉన్నాయి. అయితే గోల్డ్‌స్మిత్ తన కథను ఆ కుటుంబపు పెద్ద అయిన మతాచార్యుడి నోటనే చెప్పించాడు. తనను తాను పూర్తిగా ఎరగని మంచివాడు తన కథ తానే చెప్పుకుంటూ పోతే పాఠకుడికి లోలోపల పుట్టే చిరునవ్వే ఆ నవలకు ప్రాణం. వీరేశలింగం ఆ పద్ధతిని తీసుకోలేదు. బయట నిలబడి కథ చెప్పాడు. ఎముకల గూడు తీసుకుని గొంతు వదిలేశాడన్నమాట. కానీ ఆ గూడు మీద ఆయన పట్టించిన కండ ధవళేశ్వరానిది. ముఖస్తుతి చేసే బంధువులు, జ్యోతిష్కులు, బంగారం చేస్తానని ఇల్లు గుల్లచేసే రసవాది, దెయ్యాలూ భూతవైద్యాలూ ఆయన గోదావరి ఒడ్డున చూసినవే. ఇంగ్లాండులో వర్తకుడు పారిపోయి కుటుంబం డబ్బు పోతే, ఇక్కడ మూఢనమ్మకమూ డాంబికమూ దాన్ని తినేశాయి. ఒకే మలుపు, వేరే కారణం. ఆ కారణాన్ని వెతకడంలోనే వీరేశలింగం రచయిత అయ్యాడని నేననుకుంటాను.

పదిహేనేళ్లు కూడా తిరక్కుండానే అదే మనిషి చదవడంలో ఎంత ముదిరాడో ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ చెబుతుంది. దీని వెనక స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రలున్నాయి. కానీ ఈసారి వీరేశలింగం తీసుకున్నది సంఘటనల వరస కాదు, స్విఫ్ట్ చేసిన ఒక యుక్తి. మన ఊళ్లో రోజూ చూసి అలవాటుపడిన అన్యాయాన్ని ఎరగని దేశానికి తీసుకెళ్లి తలకిందులు చేసి చూపిస్తే, అది అన్యాయమని కంటికి ఆనుతుంది. సత్యరాజాచార్యులు వెళ్లిన ఆడుమళయాళంలో అధికారం ఆడవాళ్లది. మగవాళ్లు ఇంటిపట్టున వాళ్ల చెప్పుచేతల్లో పడి ఉంటారు. స్త్రీవిద్య కోసం, వితంతు వివాహాల కోసం ఉపన్యాసాలిచ్చి రాళ్లదెబ్బలకు కూడా సిద్ధపడిన మనిషికి, ఉపన్యాసం చేయలేని పని ఈ తలకిందుల దేశం చేసిపెట్టింది. స్విఫ్ట్ పుస్తకంలో ఇలాంటి దేశం లేదు. ఈ కథ స్విఫ్ట్‌ను చదవకపోతే పుట్టేది కాదు, చదివి ఊరుకున్నా పుట్టేది కాదు. ‘రాజశేఖర చరిత్రము’కు ఉన్నంత పేరు దీనికి లేకపోవడం విచారించదగ్గ సంగతి. చదవడం రాతకు ఎలా ఉపకరిస్తుందో చూపించే పుస్తకం ఆ రెండింటిలో ఇదే.

ఇక్కడే ఒక ఆక్షేపణ ఉంది, అది పాతదే. పక్కవాడి పుస్తకం చూసి రాసింది సాహిత్యం ఎలా అవుతుంది, అది అనుకరణే కదా అని. ఈ ప్రశ్న నవలతో పాటు మన దేశానికి ఓడెక్కి రాలేదు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో దీన్ని తిన్నగా ఎదుర్కొన్నాడు. ఒక కవి రచనకూ మరొకరి రచనకూ పోలిక మూడు రకాలన్నాడు: అద్దంలో ప్రతిబింబంలా ఉండేది, చిత్రపటంలా ఉండేది, ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల్లా ఉండేది. మొదటిదానికి తన ప్రాణమంటూ లేదు, రెండోదాని ప్రాణం అల్పమైనది, ఆ రెండూ విడిచిపెట్టదగ్గవి. మూడోదాన్ని కవి వదులుకోనక్కర లేదు, పోలిక ఉన్నా ఆ మనిషి వేరు కనుక. ఆ తర్వాత మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో కవికి కావలసిన మూడింటిలో ప్రతిభతో పాటు నేర్పునూ, అభ్యాసాన్నీ చేర్చాడు. లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ పరిశీలించడం వల్ల నేర్పు వస్తుందన్నాడు. కావ్యాలు చదవడాన్ని ఆయన లోకాన్ని చూడటం పక్కనే కూర్చోబెట్టాడు, దానికి బదులుగా కాదు. తెలుగు పండితకుటుంబాల్లో పిల్లవాడు మనుచరిత్ర, వసుచరిత్ర వంటి ప్రబంధాలు వల్లెవేసి గాని పద్యం కట్టకపోవడం ఈ సంప్రదాయమే. నవల కొత్తది గానీ, చదివి నేర్చుకోవడం అనే ఆచారం మనకు కొత్తది కాదు.

కథ ఆకారాన్ని తీసుకోవడం అన్న రెండో మెట్టు చిన్నకథలో కనబడుతుంది. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. ఏది ముందన్న చర్చ చాలాకాలంగా నడుస్తోంది, దాన్నలా ఉంచుదాం. ‘దిద్దుబాటు’లో గమనించాల్సింది కథ ఎక్కడ మొదలైందన్నది. మన పాత కథ వంశంతో, ఊరితో, రాజుతో మొదలవుతుంది. గురజాడ కథ అర్ధరాత్రి వేళ మూసిన తలుపు దగ్గర, మాటలతో మొదలవుతుంది. గోపాలరావు ఎవరు, ఎక్కడినుంచి వచ్చాడు, కమలిని ఎందుకు లేదు అన్నవి ఆ తర్వాత, కావలసినంత మటుకే తెలుస్తాయి. కథంతా ఒక్క రాత్రి, ఒక్క ఇల్లు. సానివాళ్ల పాటలకు పోయే భర్తను దిద్దడానికి భార్య వేసిన ఎత్తు చివర నవ్వుతో బయటపడగానే కథ ఆగిపోతుంది. ఈ పొందికను గురజాడ ఏ ఒక్క విదేశీ కథ నుంచో ఎత్తుకురాలేదు. విస్తారంగా ఇంగ్లీషు చదివిన మనిషికి, కథకు ఎంత సరిపోతుందో, ఏది చెప్పకపోయినా పాఠకుడికి అందుతుందో అన్న అంచనా ఒంటబట్టింది. వస్తువు విజయనగరానిది, మాట విజయనగరానిది. కథను ఎక్కడ కోసి ఎక్కడ ఆపాలన్న తెలివి మాత్రం చదువువల్ల వచ్చింది.

అయితే చదివిన ప్రతివాడూ గురజాడ కాలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బెంగాలీ నవల తెలుగునాట వెల్లువలా వచ్చింది. వెంకటపార్వతీశ కవులు ఆంధ్రప్రచారిణీ గ్రంథమాల ద్వారా ఎన్నో బెంగాలీ నవలలను తెలుగు చేశారు. కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి నవలల పోటీలు పెట్టి చారిత్రక నవలను ప్రోత్సహించింది. బంకించంద్రుడి రాజపుత్ర వీరులూ, కోటలూ, సన్యాసులూ అచ్చుతప్పులతో సహా అన్నట్టుగా తెలుగు నవలల్లోకి దిగిపోయారు. వాటిలో ఈనాడు చదవదగ్గవి చాలా తక్కువ. చదవడం రాతను బాగుచేస్తుందన్న వాదానికి ఇది ఎదురు సాక్ష్యం కాదా అని అడగవచ్చు. నాకలా తోచదు. ఈ రచయితలు చదివినందువల్ల చెడిపోలేదు, ఒకే రకం చదివినందువల్ల, అందులోనూ కథను మాత్రమే చదివినందువల్ల చెడిపోయారు. బంకించంద్రుడు సన్నివేశాన్ని ఎలా పేర్చాడో చూడకుండా అందులోని కత్తినీ గుర్రాన్నీ చూశారు. ఆనందవర్ధనుడి లెక్కలో ఇది అద్దంలో బొమ్మ. తర్వాతి తరంలో శరత్‌చంద్రుడి సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. మదనపల్లె క్షయ చికిత్సాలయంలో ఉండగా బెంగాలీ నేర్చుకున్న చక్రపాణి శరత్ నవలలను ఎంత సులువైన తెలుగులోకి తెచ్చాడంటే, శరత్ తెలుగువాడేనని నమ్మిన పాఠకులున్నారు. ఆ అనువాదాలు తెలుగు రచయితలకు ఇచ్చింది కోటలూ యుద్ధాలూ కాదు. వంటింట్లో, అరుగు మీద, ఉమ్మడి కుటుంబంలో జరిగేదే నవలకు సరిపడా కథ అన్న ధైర్యం.

ఈ చదువంతా ఎక్కడ జరిగిందన్నది కూడా ముఖ్యమే. పుస్తకం కొనుక్కోగలిగినవాళ్లు అప్పుడు గుప్పెడు మంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914లో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పరిచారు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు దాన్ని జీవితకాలపు పనిగా చేసుకున్నారు. కృష్ణా కాలవల్లో పడవల మీద కూడా పుస్తకాలు ఊళ్లకు వెళ్లాయి. ఈ కదలికలోంచి పుట్టిన రచయితల్లో వట్టికోట ఆళ్వారుస్వామిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నల్లగొండ ప్రాంతంలో పుట్టి, చిన్నప్పుడే ఇతరుల ఇళ్లలో వంటపని చేసి, హోటల్లో సర్వరుగా, ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడిగా బతికి, బడిచదువు లేకపోయినా పుస్తకాల వల్లే చదువుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మాడు. 1950లలో ఆయన రాసిన ‘ప్రజల మనిషి’ తెలంగాణ జీవితాన్ని నవలగా మలచిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. దొర గడీ, వెట్టి, పల్లెలోకి పత్రికా పుస్తకమూ రావడంతో మనుషుల్లో వచ్చే కదలిక అందులో ఉన్నాయి. వెట్టి ఆయన కళ్లతో చూసింది. కానీ చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ చూసినదాన్ని మనుషులుగా, అధ్యాయాలుగా, మొదలూ తుదీ ఉన్న కథగా పేర్చే పద్ధతిని మాత్రం ఆయనకు మోసి అమ్మిన పుస్తకాలే నేర్పి ఉండాలి, మరో బడి ఆయన ఎరగడు కనుక.

మూడో మెట్టు, చూపును తీసుకోవడం. ఇక్కడ తెలుగు సాహిత్యం అరుదైన ఒక పరీక్షను తనకు తెలియకుండానే జరిపింది. ఐర్లాండు రచయిత జేమ్స్ జాయిస్ 1922లో ‘యులిసిస్’ అచ్చువేశాడు. డబ్లిన్‌లో ఒక్క రోజు, మనుషుల తలలో తెంపు లేకుండా పారే ఆలోచనల ప్రవాహంగా. ఆ పద్ధతీ, ఆ కాలపు మనోవిశ్లేషణ శాస్త్రమూ చదివిన తెలుగు రచయితలు నలుగురు, పాతికేళ్లలోపు నాలుగు నవలలు రాశారు. 1940లలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, 1950లలో రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) ‘అల్పజీవి’, 1969లో నవీన్ ‘అంపశయ్య’. చదువు మనుషుల్ని ఒకే మూసలో పోసేదే అయితే ఈ నాలుగూ ఒకే నవల కావాలి. నాలుగూ నాలుగు లోకాలు. గోపీచంద్ సీతారామారావు వంశగౌరవం అన్న ఒక్క మాట పట్టుకుని ఆస్తినీ తననూ కాల్చుకునే మనిషి. అక్కడ లోపలి ఆలోచన ఒక వాదంలా, కోర్టులో వాంగ్మూలంలా సాగుతుంది. ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేసి ఆపైన ఆకాశవాణిలో చేరిన బుచ్చిబాబు చేతిలో అదే లోచూపు చిత్రకారుడి చూపైంది. తల్లి మీద లోకం వేసిన మచ్చ దయానిధి వెంట నీడలా తిరుగుతుంటే, ఆ బాధ వాదంగా కాక రంగులుగా, ఆకాశంగా, చెట్లుగా కనబడుతుంది.

రావిశాస్త్రి విశాఖపట్నం వకీలు. ‘అల్పజీవి’ సుబ్బయ్య పిరికి గుమాస్తా. ఎవరు తేరిపార చూసినా ఒదిగిపోయేవాడు. జాయిస్ దగ్గర మనోప్రవాహం విద్యావంతుడి జ్ఞాపకాలతో, పుస్తకాల ప్రతిధ్వనులతో నిండి ఉంటే, రావిశాస్త్రి దాన్ని భయానికి ఉపయోగించాడు. భయస్తుడి ఆలోచన తిరిగిన చోటే తిరుగుతుంది, తనకు తాను సర్దిచెప్పుకుంటుంది, మళ్లీ వణుకుతుంది. ఆ తిరుగుడును ఉత్తరాంధ్ర మాటలో పట్టడానికి పారే వాక్యం తప్ప మరో దారి లేదు. నవీన్‌కు వచ్చేసరికి ఆ ఒక్క రోజు అన్న చట్రం కూడా తెలుగులోకి వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో రవి అనే విద్యార్థి నిద్రలేవడం నుంచి కొన్ని గంటల పాటు అతని తలలో తిరిగేదంతా కథ. పల్లె, పేదరికం, చదువు, కోరిక, దిగులు అన్నీ కలగలిసిన మొదటితరం చదువుకున్న తెలంగాణ పిల్లవాడి మనసు అది. డబ్లిన్‌కూ దానికీ మధ్య ఉన్న పోలిక ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల మధ్య ఉండే పోలిక మాత్రమే. జాయిస్‌ను చదవడం వల్ల ఈ రచయితలు జాయిస్‌లు కాలేదు. అప్పటిదాకా తెలుగు నవలకు అందని ఒక చోటు, మనిషి నోరు విప్పని వేళ అతని లోపల జరిగేది, వాళ్లకు అందింది. అక్కడ ఎవరికి ఏం దొరికిందన్నది ఎవరి జీవితాన్ని బట్టి వాళ్లది.

ఈ వాదానికి అందరికన్నా గట్టి అడ్డు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. 1891లో తూర్పుగోదావరి ప్రాంతంలోని పొలమూరులో వైదిక కుటుంబంలో పుట్టి, ఇంగ్లీషు చదవకుండానే, తెలుగు చిన్నకథకు అంతకుముందు లేని నిండుదనం తెచ్చాడు. ఆయన కథల్లో మాట్లాడుకునే ఆడవాళ్ల తెలుగు ఏ పుస్తకంలోనూ దొరకదు. అది గోదావరి ఇళ్లలో చెవిన పడిందే. మరి పుస్తకాలు ఎందుకు, చెవులు చాలవా? శాస్త్రిగారు ఇంగ్లీషు చదవలేదన్నది నిజం, చదవలేదన్నది నిజం కాదు. సంస్కృత కావ్యాలు గురువుల దగ్గర చదువుకున్నవాడు, అవధానాలు చేసినవాడు, వాల్మీకి రామాయణాన్ని తెలుగు వచనంలోకి తెచ్చినవాడు. ఆయన కథలు చాలామటుకు సంభాషణల మీదే నడుస్తాయి. రచయిత పక్కకు తప్పుకుంటాడు. ఎవరు ఏమన్నారో, దాని కింద ఏం దాచుకున్నారో మనమే గ్రహించాలి. పాత్రల మాటతోనే కథ నడిపే ఈ నిగ్రహం నాటకాలూ కావ్యాలూ చదివి పెరిగినవాడి నిగ్రహమని నా నమ్మకం. చెవి ఆయనకు మాట ఇచ్చింది. ఆ మాటల్లో ఏది ముందు, ఏది వెనక, ఏది అసలు అనిపించకూడదు అన్న పొందిక చెవి ఒక్కటే ఇచ్చేది కాదు. ఆ ఇళ్లలో అవే మాటలు విన్న మిగతావాళ్లు ‘గులాబీ అత్తరు’ రాయలేదు. కనుక శ్రీపాద చూపేది చదువు అక్కర్లేదని కాదు, ఆ చదువు ఫలానా భాషలోనే ఉండనక్కర లేదని.

దీనికి ఎదురుగా ఇంకొకటి అడుగుతారు. కథలు విపరీతంగా చదివేవాళ్లు ఎందరో ఒక్క మంచి పేజీ రాయలేరు కదా అని. నిజమే, వారపత్రికల సీరియళ్లు వెలిగిన రోజుల్లో లక్షలమంది చదివారు, వాళ్లందరూ రచయితలు కాలేదు, కావలసిన అవసరమూ లేదు. కథలో మునిగిపోవడానికి చదవడం ఒక సుఖం, నిండైన సుఖం. రాసేవాడు ఆ సుఖం తీరాక మళ్లీ మొదటి పేజీకి వెళ్లాలి. ఈ మలుపు ఇక్కడే ఎందుకు వచ్చింది, ఈ మనిషి ఈ మాట ఇప్పుడే ఎందుకన్నాడు, ఈ వాక్యాన్ని ఇక్కడ ఎందుకు తెంచాడు అని చూడాలి. రెండోసారి చదివినప్పుడే చదువు రాతలోకి ఇంకుతుంది. తెలుగు వచనంలో నాలుగో మెట్టు, అంటే వాక్యాన్ని తీసుకోవడం, ఇలా పట్టిపట్టి చదివినవాళ్ల వల్లే సాధ్యమైంది. చలం 1920లలో ‘మైదానం’ వంటి నవలలతో గ్రాంథికపు బరువు దించి, ఊపిరి తీసినంత సహజంగా వాక్యాన్ని నడిపాక, అతని అభిప్రాయాలను అసహ్యించుకున్నవాళ్లు కూడా ఆ వాక్యం ముందు తమ వాక్యం బరువును గమనించక తప్పలేదు. చందమామను దశాబ్దాలపాటు నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు వచనంలో అలంకారం దాదాపు ఉండదు. ఆ నిరాడంబరమైన తెలుగు చదివి పెరిగిన పిల్లలు మూడు తరాలు. వాళ్లకు వాక్యమంటే ఏమిటో బళ్లోకన్నా ముందు చందమామలో తెలిసింది.

తెలుగు రచయితే తెలుగు రచయితకు గురువైన సందర్భాల్లో రావిశాస్త్రి, కె.ఎన్.వై. పతంజలి జంటను తప్పక చెప్పాలి. ఉత్తరాంధ్ర మాట, అధికారం మీద మంట, ఉపమానం మీద ఉపమానం పేర్చి పరిహాసాన్ని పెంచుకుంటూ పోవడం రావిశాస్త్రివి. పతంజలిలో ఇవన్నీ ఉన్నాయి. కానీ రావిశాస్త్రి లోకం కోర్టు, సారా కొట్టు, పోలీసు స్టేషను, వాటిల్లో నలిగే బీదలు. పతంజలి ఆ చూపును చితికిన జమీందారీ దివాణాల మీదికి తిప్పాడు. ‘వీరబొబ్బిలి’లో ఒక కుక్కను నాయకుణ్ణి చేశాడు, ‘గోపాత్రుడు’లో భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అన్న తగాదాతో ఊరినంతా లేపి నిలబెట్టాడు. గురువు వాక్యం చదివి, దాని వేగం పట్టుకుని, గురువు చూడని ఇంట్లోకి దాన్ని తీసుకెళ్లడం ఇది. వీరేశలింగం గోల్డ్‌స్మిత్ దగ్గర కథను తీసుకున్ననాటికీ దీనికీ ఎంత దూరమో చూడండి. అక్కడ తీసుకున్నదేదో వేలుపెట్టి చూపించవచ్చు. ఇక్కడ అలా చూపించబోతే వేలికి ఏదీ తగలదు, కానీ చదివే చెవికి తెలుస్తూనే ఉంటుంది.

ఈ చదువు కొనసాగడానికి పాత కథలు దొరకాలి. పత్రికల్లో వచ్చినవి పత్రికలతోనే చిరిగిపోతే తర్వాతివాళ్లు నేర్చుకునేది ఎక్కడ? ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు ఈ సంగతి గ్రహించి, కొత్తగా రాసేవాళ్లకోసం ‘కథాకథనం’ వ్యాసాలు రాయడంతో ఆగకుండా, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పాడు. తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్నది దాని సంకల్పం. పత్రికలూ సంపుటాలూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. పత్రికలో మొదట అచ్చయిన కథనూ, రచయిత సంపుటిలోకి ఎక్కించేటప్పుడు దిద్దిన కథనూ పక్కన పెట్టుకుని చదవగలగడం రాసేవాడికి దొరికే గొప్ప పాఠాల్లో ఒకటి. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897 ప్రతినీ, 1909లో దాన్ని దాదాపు తిరగరాసి తెచ్చిన ప్రతినీ ఇలా చదివినవాళ్లకు మధురవాణి పాత్ర ఎలా పెరిగిందో తెలుస్తుంది. పన్నెండేళ్లలో ఆ రచయిత తన రాతను తానే పాఠకుడిగా చదువుకుని, ఏది చాలదనుకున్నాడో, ఏది ఎక్కువైందనుకున్నాడో అంకం అంకంలో కనబడుతుంది.